కృపకి చదివింపుల పుస్తకం లేదు

మన పెళ్లిళ్లలో భోజనాల హాలు పక్కనే ఒక టేబుల్ వేసుకుని ఒకాయన నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటాడు, పక్కన ఇంకొకళ్లు కవర్లు చించి డబ్బు లెక్కపెడుతుంటారు, ఫలానా ఊరు, ఫలానా వాళ్లు, 516 రూపాయలు అని రాసుకుంటారు. పెళ్లయిపోయాక ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది, ఎందుకంటే రేపు వాళ్లింట్లో ఫంక్షన్ అయితే ఆ పేజీ తీసి చూసి అంతకి తగ్గకుండా చదివించాలి కదా. చదివింపులు బహుమతే, కాదని ఎవరూ అనరు, కానీ తిరిగి ఇవ్వాల్సిన బహుమతి. మన బంధుత్వాలు సగం ఈ పుస్తకం మీదే నడుస్తాయి, అందులో తప్పేం లేదు, అదొక పద్ధతి. కాకపోతే ఈ పద్ధతిలో పుట్టి పెరిగిన మనిషికి "రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, ఉచితం, దేవుడు ఊరికే ఇస్తాడు" అని చెప్తే మాట అర్థమవుతుంది గానీ మనసు మాత్రం వెంటనే ఆ నోట్‌బుక్ తెరుస్తుంది. సరే ఇచ్చాడు, ఇప్పుడు నేను ఎంత తిరిగి చదివించాలి?

కొత్తగా యేసుప్రభువుని నమ్ముకున్న వాళ్లు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. "చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ" అని వింటూ పెరిగాం, పుణ్యం అంటే సంపాదించుకునేది, పాపం అంటే అనుభవించేది. చర్చికి వచ్చాక పేర్లు మారతాయి, లెక్క మాత్రం మారదు. ఇన్ని గంటలు ప్రార్థన, ఇన్ని ఉపవాసాలు, ఇంత కానుక, అప్పుడు దేవుడు మన వైపు చూస్తాడు అనుకుంటారు. ఇది కృప కాదు, కృప అంటే అర్హత చూడకుండా దేవుడు ఊరికే ఇచ్చేది. తొలి సంఘాలకి పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు ఈ లెక్కని గట్టిగా కాదన్నాడు.

ఆయన ఎఫెసీయులకి రాసిన మాట అందరికీ కంఠతా వచ్చేదే: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు." సండే స్కూల్ పిల్లలు కూడా ఈ 2వ అధ్యాయం 8, 9 వచనాలు గడగడా చెప్పేస్తారు. కానీ చాలామంది అక్కడే ఆపేస్తారు, 10వ వచనం దాకా వెళ్లరు, అసలు విషయం అంతా అక్కడుంది. మనం "సత్క్రియలు చేయుటకై" క్రీస్తుయేసునందు సృష్టింపబడ్డాం అంటాడు. చిన్నప్పుడు విభక్తులు నేర్చుకున్నాం కదా, "వలన" పంచమి, "కై" చతుర్థి. క్రియల వలన రక్షణ కాదు, క్రియలకై రక్షణ. ఒక్క విభక్తి తేడా. ఈ తేడా దగ్గర ఎంతమంది విశ్వాసులు ఏళ్లకేళ్లు నలిగిపోతున్నారో చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే మంచి పనులు వద్దని ఎవరూ అనట్లేదు, వాటిని ఏ వరుసలో పెట్టాలి అన్నదే ప్రశ్న.

ఈ వరుస కొత్త నిబంధనలో పుట్టింది కూడా కాదు. పది ఆజ్ఞలు ఎలా మొదలవుతాయో చూడండి. "నేను తప్ప వేరొక దేవుడు" అన్నదానికంటే ముందు ఒక వాక్యం ఉంది, దాసుల గృహమైన ఐగుప్తులోనుండి (ఈజిప్టు) నిన్ను బయటికి రప్పించిన నీ దేవుడను నేనే అని. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఇటుకలు చేస్తున్నప్పుడు దేవుడు మోషే చేతికి పలకలిచ్చి, ఇవి పాటించండి, బాగా పాటిస్తే విడిపిస్తా అనలేదు. ముందు విడిపించాడు, సముద్రం దాటించాడు, ఆకలేస్తే మన్నా పెట్టాడు, ఆ తర్వాతే సీనాయి కొండ దగ్గర ఆజ్ఞలు. విడుదల నిర్గమకాండం 12వ అధ్యాయం, ఆజ్ఞలు 20వ అధ్యాయం. ఆజ్ఞలు విడిపించబడిన జనం ఎలా బతకాలో చెప్పేవి, విడుదలకి కట్టే ఫీజు కాదు.

రోమీయులకి రాసిన పత్రికలో పౌలు ఇంకా విప్పి చెప్తాడు. పనిచేసేవాడికి జీతం ఇస్తే అది దానం అనరు, బాకీ తీర్చడం అంటారు అని 4వ అధ్యాయంలో. 6వ అధ్యాయం చివర్లో "పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము... నిత్యజీవము" అంటాడు. అక్కడ జీతం అన్న చోట గ్రీకులో ఉన్న మాట సైనికులకి ఇచ్చే బత్తెం. అంటే మనం నిజంగా సంపాదించుకున్నది ఒకటుంది, అది మరణం, అది మాత్రం న్యాయంగా మన కష్టార్జితమే. జీవం అలా రాదు.

ఉచితం అనగానే చవక అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. రైతు రుణమాఫీ తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిందే. రుణం మాఫీ అయింది అంటే బాకీ గాల్లో కలిసిపోయిందని కాదు, బ్యాంకుకి రావాల్సింది బ్యాంకుకి రావాలి, రైతు బదులు ప్రభుత్వం కడుతుంది. ఎవరో ఒకరు కట్టకుండా ఏ మాఫీ జరగదు. సిలువ గురించి బైబిల్ చెప్పేది ఇదే, దేవుడు పాపాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యలేదు, ఆ బరువు తానే మోశాడు, అందుకే పౌలు రోమా 3లో యేసు గురించి "కరుణాధారము" (పాపపరిహారం) అనే మాట వాడాడు. ఇక తేడా ఏంటంటే ప్రభుత్వ మాఫీకి పాస్‌బుక్ కావాలి, ఆధార్ కావాలి, కటాఫ్ డేట్ ఉంటుంది, లిస్టులో పేరు లేదని ఎంతమంది ఆఫీసుల చుట్టూ తిరిగారో. కృపకి అర్హత లిస్టు లేదు. అర్హత లేదని ఒప్పుకోవడం ఒక్కటే ఉంది, దాన్నే మారుమనస్సు అంటున్నాం.

ఆ బాకీ ఎంత అన్నది యేసు ఒక కథలో చెప్పాడు, మత్తయి 18లో. ఒక దాసుడు రాజుకి 10,000 తలాంతులు బాకీ, అతనికి తోటి దాసుడు 100 దేనారాలు బాకీ. దేనారం అంటే ఒక రోజు కూలి, తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. అంటే మొదటివాడి బాకీ 6 కోట్ల రోజుల కూలి. ఈరోజు కూలి 500 రూపాయలు అనుకుంటే 3,000 కోట్లు! రెండోవాడిది 50,000 రూపాయలు. 50,000 చిన్న మొత్తం కాదు, కూలివాడికి అది మూడు నెలల పైన కష్టం, అందుకే మనల్ని బాధపెట్టిన వాళ్లని క్షమించడం నిజంగానే కష్టం, యేసు దాన్ని తక్కువ చేసి చెప్పలేదు. కానీ 3,000 కోట్లు మాఫీ చేయించుకున్నవాడు బయటికి రాగానే 50 వేల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. వాడికి మాఫీ అయిన సంగతి చెవికెక్కింది, మనసుకెక్కలేదు. రాజుగారి దగ్గర వాడు అడిగింది కూడా గమనించండి, క్షమించమని అడగలేదు, "కొంచెం టైమివ్వండి, అంతా కట్టేస్తా" అన్నాడు. 6 కోట్ల రోజుల కూలి కట్టేస్తాడట. కృప దొరికినా చదివింపుల పుస్తకం మూయని మనిషి ఇతను.

చరిత్రలో కృపా, క్రియలా అన్న ఈ గొడవ చాలాసార్లు లేచింది. 5వ శతాబ్దంలో కృప లేకుండా కుదరదన్న అగస్టీన్‌కి, మనిషి తన ప్రయత్నంతో మంచిగా బతకగలడన్న పెలాగియస్‌కి మధ్య, 1517లో పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించిన లూథర్ 95 వాదాలతో, ఆ తర్వాత 1545 నుంచి 1563 దాకా నడిచిన కాథలిక్కుల ట్రెంట్ మహాసభలో. చివరికి 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టాయి, మన వైపు ఏ యోగ్యత వల్లా కాదు, కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తున్నాడు అని. తేడాలన్నీ పోలేదు గానీ, కాథలిక్కులు క్రియలతో రక్షణ కొనుక్కుంటారు అని ఇప్పటికీ మాట్లాడే మనవాళ్లు ఆ ప్రకటన ఉందని తెలుసుకోవడం మంచిది.

కానీ వీటన్నిటికంటే మొట్టమొదటి గొడవ మన తెలుగు సంఘాలకి చాలా దగ్గరగా ఉంటుంది, అది గలతీయులకి రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. నీతిమంతులుగా తీర్చబడటం, అంటే దేవుని ముందు నిర్దోషులుగా ఎంచబడటం అనే సిద్ధాంతం ఏదో పండితుల చర్చలో పుట్టిందని అనుకుంటాం, నిజానికి అది ఒక భోజనం దగ్గర బయటపడింది. అంతియొకయలో పేతురు అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివాళ్లలోంచి వచ్చిన విశ్వాసులతో కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే భయపడి లేచి వేరుగా కూర్చున్నాడు, ఆయన్ని చూసి మిగతా యూదులు, ఆఖరికి బర్నబా కూడా అదే చేశాడు. పౌలు అందరి ముందే పేతురుని నిలదీశాడు. మర్యాద తప్పావనో, వాళ్లు నొచ్చుకుంటారనో కాదు, ఇది "సువార్త సత్యము" విషయం అన్నాడు, వెంటనే మనిషి ధర్మశాస్త్ర సంబంధమైన క్రియల వల్ల కాదు, యేసుక్రీస్తునందలి విశ్వాసం వల్లనే నీతిమంతుడుగా తీర్చబడతాడు అని రాశాడు. అంటే ఎవరి పక్కన కూర్చుని తింటావు అన్నది కృప మీద నీకు నమ్మకం ఉందా లేదా అన్నదానికి పరీక్ష. కృప వల్ల ఇద్దరూ ఒకే బల్ల దగ్గరికి వచ్చారు, ఇప్పుడు ఒకడు ఇంకొకడి కంటే పైన ఎలా కూర్చుంటాడు?

కులాన్ని బట్టి సంఘాలు, కులాన్ని బట్టి సంబంధాలు, కొన్ని చోట్ల కులాన్ని బట్టి సమాధుల తోటలు కూడా ఉన్న మన దగ్గర ఈ అధ్యాయం మీద ప్రసంగాలు చాలా తక్కువ వినిపిస్తాయి. వినిపించాలి. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె తీసుకుని బయటికొచ్చి పెళ్లి సంబంధం దగ్గర "మన వాళ్లేనా" అని అడిగితే అంతియొకయలో పేతురు చేసింది మనం చేస్తున్నట్టే.

తెలుగు నేలమీదే కృపకీ జీతానికీ తేడా తేల్చుకోవాల్సి వచ్చిన సందర్భం ఒకటుంది. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు, అప్పటికి పదేళ్ల ముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ ఆ చుట్టుపక్కల సువార్త మొదలుపెట్టేశాడు. కరువులో జనం చచ్చిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించాడు, సాయంత్రాలు ఆ కాలవ గట్టు మీదే వాక్యం చెప్పేవాళ్లు. జనం బాప్తీస్మం అడిగారు. ఇవ్వలేదు. కరువు పని నడిచినన్నాళ్లూ ఆపేశారు, కూటి కోసం వస్తున్నారనే మాట రాకూడదని. సాయం అయిపోయాక కూడా జనం వచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో, వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మందికి బాప్తీస్మం ఇచ్చారు.

క్లౌ ఆపడం సరైనదే, బాప్తీస్మం అన్నానికి బదులు ఇచ్చేది అయితే అది మళ్లీ లెక్క పుస్తకమే. కానీ "ఆకలితో వచ్చారు కాబట్టి వాళ్ల విశ్వాసం నిజం కాదు" అని ఇప్పటికీ కొందరు అంటుంటారు, అది మాత్రం ఒప్పుకోలేని మాట. లూకా 15లో యేసు చెప్పిన కథలో, ఆస్తి వాటా తీసుకెళ్లి దూరదేశంలో తగలేసి తప్పిపోయిన కొడుకు ఎందుకు ఇంటికి బయల్దేరాడు? తండ్రి మీద ప్రేమ పొంగుకొచ్చి కాదు, "నా తండ్రియొద్ద ఎంతోమంది కూలివాండ్రకు అన్నము సమృద్ధిగా ఉన్నది, నేనైతే ఇక్కడ ఆకలికి చచ్చిపోవుచున్నాను" అనుకుని. అన్నం గుర్తొచ్చి వచ్చాడు. తండ్రి ఆ కారణం చూసి వెనక్కి పంపలేదు. మనుషులుగా లెక్కలోకే రాని వాళ్లకి, పుట్టుకతోనే పుణ్యం తక్కువ అని చెప్పబడిన వాళ్లకి, నువ్వు ఏమీ తేకుండానే రావచ్చు అన్న మాట ఎంత తియ్యగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ కొడుకు కథలోనే ఇంకో చిన్న సంగతుంది, చాలామంది దాటేసుకుంటూ పోతారు. దారిలో అతను మూడు మాటలు ప్రాక్టీస్ చేసుకున్నాడు: పాపం చేశాను, కొడుకని అనిపించుకోడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇంటికెళ్లాక రెండు మాటలే బయటికొచ్చాయి. మూడోది, కూలి మాట, చెప్పేలోపే తండ్రి ప్రశస్తమైన వస్త్రం తెమ్మన్నాడు, ఉంగరం, చెప్పులు, కొవ్విన దూడ. కూలికి చేరతానంటే ఆ ఇంట్లో కుదరదు. ఇక పెద్దకొడుకు సంగతి, "ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" నాకు ఒక్క మేకపిల్లనైనా ఇవ్వలేదు అంటాడు. ఇంట్లోనే ఉన్నాడు, కష్టపడ్డాడు, కానీ మనసులో కూలివాడిగానే బతికాడు, ఏళ్లు లెక్కపెట్టుకుంటూ. సంఘంలో 20 ఏళ్లుగా ఉన్నవాళ్లు కొత్తవాళ్లకి మైకు ఇస్తే ముఖం మాడ్చుకోవడం ఎక్కడినుంచి వస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

మరి కొత్త నిబంధనలో ఒక పత్రిక రాసిన యాకోబు సంగతేంటి, క్రియలు లేని విశ్వాసం మృతం అన్నాడు కదా అని అడుగుతారు, అడగాల్సిందే. పౌలు, యాకోబు ఇద్దరూ అబ్రాహామునే చూపిస్తారు, ఆదికాండం 15:6ని ఇద్దరూ ఎత్తుతారు, కానీ అబ్రాహాము జీవితంలో వేరే వేరే చోట్ల ఆగి మాట్లాడతారు. పౌలు ఆగేది ఆ 15వ అధ్యాయం దగ్గరే, అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది, అప్పటికి సున్నతి కూడా లేదు, అది 17లో వస్తుంది. యాకోబు ఇస్సాకుని బలిపీఠం మీద పెట్టిన 22వ అధ్యాయం దాకా వచ్చి, 15లో నమ్మిన మాట అక్కడ నెరవేరింది అంటాడు. మధ్యలో చాలా ఏళ్లు, ఒక కొడుకు పుట్టి పెరిగాడు. 15 లేకుండా 22 రాదు, 22 రాకపోతే 15 నిజమేనా అని అనుమానించాలి. ఇద్దరూ ఒకే వరుస చెప్తున్నారు, ఒకరు మొదలు దగ్గర నిలబడి, ఇంకొకరు పండు దగ్గర నిలబడి.

కృప ఉంది కదా అని ఇష్టమొచ్చినట్టు ఉండొచ్చా అన్న ప్రశ్న కూడా పాతదే, పౌలే రోమా 6లో తీసుకుని "అట్లనరాదు" అని కొట్టేశాడు. తీతుకు రాసినప్పుడైతే కృపే మనకి బోధిస్తుంది అంటాడు, భక్తిహీనతని వదలమని, స్వస్థబుద్ధితో బతకమని. అంటే కృప లోపలికి రానిచ్చి వదిలేసేది కాదు, టీచర్ లాగా పక్కన కూర్చుని చెయ్యి పట్టి రాయించేది కూడా.

ఇక కొత్త విశ్వాసి రోజువారీ బతుకు. బాప్తీస్మం తీసుకున్న ఆదివారం ఏడుస్తూ, నవ్వుతూ ఇంటికొస్తారు, రెండు మూడు వారాలు అలాగే ఉంటుంది, తర్వాత ఒకరోజు పొద్దున్న లేస్తే ఏమీ అనిపించదు. ప్రార్థన గోడకి తగిలి వెనక్కొచ్చినట్టు ఉంటుంది. పాత కోపం మళ్లీ వస్తుంది, పాత అలవాటు మళ్లీ లాగుతుంది, పడిపోతారు కూడా. అప్పుడు మొదటి ఆలోచన, నేను అసలు రక్షణ పొందానా? "పాతవి గతించెను, ఇదిగో క్రొత్త వాయెను" అని చెప్పారు, నాలో పాతవి ఇంకా ఉన్నాయే?

దీనికి సమాధానంగా సమూయేలు రెండో గ్రంథం 9వ అధ్యాయం చదివితే బాగుంటుంది, కొత్తవాళ్లకి ఎవరూ చూపించరు గానీ. సౌలు మనవడు మెఫీబోషెతు, రెండు కాళ్లూ కుంటి, లోదెబారులో ఎవరి ఇంట్లోనో దాక్కుని బతుకుతున్నాడు. కొత్త రాజు దావీదు పాత రాజు వంశంవాళ్లని వెతుకుతున్నాడంటే దేనికో అందరికీ తెలుసు, చంపడానికి. కానీ దావీదు వెతికింది తన ప్రాణస్నేహితుడు, మెఫీబోషెతు తండ్రి అయిన యోనాతాను నిమిత్తం ఉపకారం చేయడానికి. ఇతను వచ్చి సాగిలపడి, చచ్చిన కుక్కలాంటివాణ్ణి నేను అన్నాడు. రాజు సౌలు భూములన్నీ తిరిగి ఇచ్చి, రాజకుమారుల్లో ఒకడిలాగా తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు. ఇతను చేసింది ఏమీ లేదు, వేరొకరి పేరు మీద దొరికింది. ఆ అధ్యాయం ఎలా ముగుస్తుందో చూడండి, అతను ఎప్పుడూ రాజు బల్ల దగ్గర భోంచేస్తూ యెరూషలేములో కాపురం ఉన్నాడు, అతని కాళ్లు రెండూ కుంటివి. కాళ్లు బాగైపోయాయి అని రాయలేదు. రోజూ కుంటుకుంటూనే బల్ల దగ్గరికి వెళ్లాడు, ఒక్కరోజు కూడా అతని కాళ్లు చూసి లేపెయ్యలేదు.

పడిపోయినప్పుడు ఏం చెయ్యాలో మొదటి యోహాను 1:9 తిన్నగా చెప్తుంది, ఒప్పుకోవాలి, ఆయన క్షమిస్తాడు, పవిత్రుల్ని చేస్తాడు. కొంతమంది రెండు వారాలు సంఘానికి రాకుండా తమకి తామే శిక్ష వేసుకుంటారు, కొంచెం మంచిగా అయ్యాక వెళ్దాం అని. అది రోగం తగ్గాక హాస్పిటల్‌కి వెళ్దాం అనుకోవడమే. పడిన వారమే వెళ్లాలి.

బైబిల్ చదవడం మొదలుపెట్టినవాళ్లు ఆదికాండం నుంచి పట్టుదలగా వచ్చి లేవీయకాండం బలుల దగ్గర ఆగిపోతారు, ఆపేసినందుకు మళ్లీ అపరాధ భావం. మార్కు సువార్తతోనో యోహానుతోనో మొదలుపెట్టడం మేలు, రోజుకి ఒక అధ్యాయం కూడా అక్కర్లేదు, ఒక సంఘటన చదివి ఇందులో యేసు ఎవరితో ఎలా మాట్లాడాడు అని చూసుకుంటే చాలు. ప్రార్థనలో పెద్ద పెద్ద గ్రాంథికం మాటలు రాకపోయినా పర్లేదు, అమ్మతో మాట్లాడే తెలుగులో మాట్లాడినా ఆయనకి అర్థమవుతుంది.

ఇంట్లో వాళ్ల సంగతి దీనికంటే కష్టం. ఇంట్లో ఒక్కరే నమ్ముకున్నప్పుడు ప్రసాదం దగ్గర, పండగ దగ్గర, బొట్టు దగ్గర గొడవలు వస్తాయి. మనస్సాక్షికి విరుద్ధంగా ఏదీ చెయ్యక్కర్లేదు, విగ్రహార్పితాల గురించి పౌలు మొదటి కొరింథీయులకి 8 నుంచి 10 అధ్యాయాల దాకా రాశాడు, ఓపిగ్గా చదువుకోవాలి. కానీ కొత్త ఉత్సాహంలో అమ్మ పూజగది ముందు నిలబడి అమ్మని తిట్టడం ఏ కృప? ఏమీ చెయ్యకుండా దొరికిన రక్షణని పట్టుకుని కన్నవాళ్లని చిన్నచూపు చూస్తే మనం ఏదో గొప్పగా చేసి సంపాదించాం అన్నట్టే కదా. భర్త నమ్మకపోతే భార్య మాటల్లేకుండా ప్రవర్తనతోనే అతన్ని గెలవొచ్చని పేతురు రాశాడు, ఇంట్లో గిన్నెలు కడిగిపెట్టడం, నాన్నకి మందులు తెచ్చిపెట్టడం ఏ కరపత్రం కంటే ఎక్కువ మాట్లాడతాయి.

నగలు తీసెయ్యాలి, తెల్లచీరే కట్టాలి అని కొన్ని సంఘాల్లో ఉంటుంది. ఎవరైనా ప్రభువు కోసం తమంతట తాము నిరాడంబరంగా ఉంటే గౌరవించాల్సిందే. అది రక్షణకి గుర్తుగా కొలవడం మొదలుపెడితే మాత్రం సున్నతి లేకపోతే కుదరదు అని గలతీలో కొందరు బోధకులు అన్నదానికీ దీనికీ తేడా లేదు. ఇంకోపక్క చట్టం వైపు నుంచి వచ్చే బరువు కూడా ఉంది, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకి ఎస్సీ హోదా ఉండదు, మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి కిందికి వస్తారు. బాప్తీస్మం విషయంలో వెనకాడేవాళ్లని పిరికివాళ్లు అనేముందు పిల్లల చదువు, ఉద్యోగం పణంగా పెట్టాల్సి వస్తుందని అనేవాళ్లకి తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది డబ్బు బోధ. విత్తనంగా ఇంత వెయ్యండి, నూరంతలు కోస్తారు, అప్పు తీరుతుంది, వీసా వస్తుంది అని టీవీలో, యూట్యూబ్‌లో రోజూ వినిపిస్తుంది. అపొస్తలుల కార్యాలు 8లో సీమోను అనే గారడీవాడు అపొస్తలుల ముందు డబ్బు పెట్టాడు, దేవుని వరాన్ని ద్రవ్యమిచ్చి సంపాదించుకుందామనుకున్నావు, నీ వెండి నీతో కూడా నశించునుగాక అన్నాడు పేతురు. ఈరోజు మాత్రం వరాన్ని అమ్మేవాళ్లే స్టేజి మీద ఉన్నారు. దీంట్లో బలయ్యేది డ్వాక్రా లోన్ తీసుకుని కానుక వేసిన అక్కలు, రోగం తగ్గకపోతే నీకు విశ్వాసం తక్కువ అని మాట పడ్డవాళ్లు. విశ్వాసాన్ని కూడా ఒక క్రియగా మార్చేశారు, ఇంత విశ్వాసం కడితే ఇంత స్వస్థత అని. విశ్వాసం అంటే పట్టిన దోసిలి, దోసిలి ఎంత గట్టిగా పట్టాను అని ఎవరూ లెక్కపెట్టుకోరు, అందులో పడిన నీళ్లు చూసుకుంటారు. కానుక ఇవ్వడం మంచిదే, దొరికిందన్న సంతోషంతో ఇవ్వాలి, దొరకడం కోసం కాదు. ఇక్కడా అదే విభక్తి.

ఫిలిప్పీ 2:12లో "మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి" అని ఉంది, కొందరు దీన్ని చూపించి సంపాదించుకోవాలి అంటారు. తెలుగులోనే జవాబుంది, కొనసాగించాలంటే ముందు చేతిలో ఉండాలి. పక్క వచనమే చెప్తుంది, మీలో ఆ కోరికనీ, చేసే శక్తినీ కలిగించేది దేవుడే అని. ఒకసారి దొరికిన రక్షణ పోతుందా పోదా అన్నదాని మీద సంఘాల మధ్య తేడాలున్నాయి, ఆ వాదనలో కొత్త విశ్వాసిని మొదటి ఏడాదే దించకపోవడం మంచిది.

ఆ ఫిలిప్పీ ఊళ్లోనే, ఆ పత్రిక రాయడానికి చాలా ముందు, పౌలు, సీల జైల్లో ఉండగా ఒక రాత్రి భూకంపం వచ్చి జైలు తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూసుకున్నాడు, పౌలు ఆపాడు. రక్షణ పొందడానికి నేనేం చెయ్యాలి అని అడిగాడు అతను. ప్రభువైన యేసునందు విశ్వాసముంచు అన్నారు, అంతే. ఆ రాత్రి ఆ గడియలోనే అతను వాళ్లని తీసుకొచ్చి, దెబ్బలు తిన్న వీపుల మీద గాయాలు కడిగాడు, అంతకుముందు వాళ్ల కాళ్లకి బొండ బిగించింది అతనే. తర్వాత ఇంటివాళ్లతో కలిసి బాప్తీస్మం తీసుకున్నాడు, వాళ్లని ఇంట్లోకి తీసుకెళ్లి భోజనం పెట్టాడు. గాయాలు కడగమని అతనికి ఎవరూ చెప్పలేదు.